తొలి మడి

ట్రాక్టరు గట్టు మీదే ఆగిపోయేసరికి, పక్క చెరకులో కలుపు తవ్వుతున్న సిల్వేరియా నడుం నిటారు చేసి చూసింది. ఎండ మాడు పగలగొడుతోంది. పొద్దున్నుంచి తాగిన నీళ్ళన్నీ చెమటై పోయి, నాలుక పిడచకట్టుకుపోయింది. ట్రాక్టరు నడిపే బెర్తింగ్ కిందికి దిగాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, ముందు చక్రాన్నే చూస్తూ నిలబడ్డాడు. చక్రానికేమీ కాలేదు. దానికి ఎదురుగా, రెల్లు నరికి బాగుచేసిన నేలలో, మోకాలి ఎత్తు మెట్టవరి పచ్చగా ఊగుతోంది.

మేస్త్రీ ఎవారిస్తో గొడుగు పట్టుకుని ఆదరాబాదరా వచ్చాడు. బండి చెడిందా అని అడిగితే బెర్తింగ్ నీళ్ళు నమిలాడు. డీజిలు అయిపోయిందా అంటే తల అడ్డంగా ఊపాడు. చివరికి ఎవరి మొహమూ చూడకుండా అసలు సంగతి బయటపెట్టాడు.

"ఆ తూర్పు మూలది తొలి మడి మేస్త్రీ. దాన్ని తొక్కమంటే నా వల్ల కాదు. పిల్లలు గలవాణ్ణి. వేసినావిడ చేత్తోనే తీయించు. ఆ తర్వాత నువ్వెంత దున్నమంటే అంత దున్నుతా."

మామూలుగా ఎవారిస్తో నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ నోట్లో పడి నానని మనిషి ఎస్టేటులో లేడు. ఆ రోజు మాత్రం అతను తిట్టలేదు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, చెరకు వైపు తిరిగి చూశాడు. అక్కడ ఆడవాళ్ళ పారలన్నీ ఆగిపోయి ఉన్నాయి. అందరూ ఒకే మనిషిని చూస్తున్నారు. ఆ మూల మడి వేసింది సిల్వేరియాయే.

చదువుకున్నవాళ్ళు నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి. వీళ్ళంతా తాతల కాలంలో పనాయ్ దీవి కొండల మీంచి చెరకు నరకడానికి పడవలెక్కి ఈ నెగ్రోస్ దీవికి వచ్చినవాళ్ళు. కొండ పోయింది, పొలం పోయింది, వాళ్ళ వెంట ఈ కట్టుబాటు ఒక్కటి మిగిలింది. వరి వేసే రోజు తెల్లవారుతుండగానే, అందరికన్నా ముందు ఒక మనిషి విత్తనాలతో పొలానికి వెళ్ళాలి. దారిలో ఎవరు పలకరించినా పలకకూడదు. తూర్పు మూలన చాప పరిచినంత మేర తన చేత్తో విత్తి, మట్టి కప్పి, అప్పుడు నోరు విప్పాలి. ఆ తర్వాతే మిగతా జనం పొలంలోకి దిగుతారు. ఆ మడి ఆ మనిషిదే. కోతనాడు మొదటి వెన్ను ఆ చెయ్యే తెంపాలి. మధ్యలో తీసెయ్యాలన్నా ఆ చెయ్యే తీయాలి. వేరేవాళ్ళు పీకినా, తొక్కినా వాళ్ళింట అన్నం ఉడకదంటారు. అది నిజమో కాదో పరీక్ష చేసి చూసినవాళ్ళు లేరు. అన్నంతో పరీక్షలు పెట్టుకునే స్తోమత ఇక్కడ ఎవరికుంది?

ఈ ఎస్టేటులో రెండు తరాలుగా వరి వేసిన పాపాన పోలేదు. కనుచూపు మేర చెరకే. ఊరి చుట్టూ పంచదార పండుతుంది, ఇళ్ళల్లో గింజ ఉండదు. మిల్లు ఆడే నెలల్లో జనం ఎలాగో నెట్టుకొస్తారు. మిల్లు ఆగిపోయిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలయ్యేదాకా చచ్చినకాలం. ఆ నెలలకి ఇక్కడ పేరే అది. వారానికి రెండు మూడు రోజులు కలుపు పని దొరికితే దొరికినట్టు. రోజంతా వంగి తవ్వితే నూట యాభై పెసోలు, కిలో బియ్యం నలభై ఎనిమిది. మిగతా రోజుల్లో చిలగడదుంప, అది కూడా లేనినాడు దాని ఆకు ఉడకబెట్టుకుంటారు.

ఏరు పక్కనున్న ఈ చెక్క ఏళ్ళ తరబడి బీడుపడి ఉండేది. ప్రభుత్వం దీన్ని కూలీలకి పంచిపెట్టిందని ఏనాడో కాగితం వచ్చింది. కాగితమైతే వచ్చింది గానీ నేల రాలేదు. యజమాని కోర్టుకెక్కాడు. కోర్టు వాయిదాలు వేసుకుంటూ పోయింది. కాగితంలో పేర్లున్నవాళ్ళు ఒక్కొక్కరే శ్మశానానికి పోతున్నారు. సిల్వేరియా మొగుడు కూడా అలాగే పోయాడు, రేపోమాపో పొలం చేతికొస్తుందని చెబుతూ చెబుతూ.

ఆమె తమ్ముడు దమాసోకి ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మొన్న మిల్లు ఆగిన వారమే పొరుగింటి పూరింగ్ వాకిట్లో అందర్నీ కూర్చోబెట్టి, కోర్టు తీర్పు కోసం ఆకలి ఆగుతుందా అని అడిగాడు. ఆగదు, అది అందరికీ తెలుసు. బీడు బాగుచేసుకుందామనడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఏం వెయ్యాలన్న దగ్గరే తగువు వచ్చింది. చెరకైతే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని కొందరన్నారు. దమాసో వాళ్ళని మాట్లాడనిచ్చి, తర్వాత ఒకే మాట అన్నాడు.

"చెరకేస్తే మళ్ళీ వాళ్ళ మిల్లుకే మోస్తాం. వరేస్తే మనింటికి మోసుకుంటాం. ఎటు మోస్తారో మీరే చెప్పండి."

వరి అనే తేలింది. గట్ల మీద మొక్కజొన్న, ఏటి వార వంగ, బొబ్బర్లు. కొండల్లో ఉన్న చుట్టాల దగ్గర్నుంచి ఎర్ర ధాన్యం తలా దోసెడు సంపాదించారు. ఇక తొలి మడి ఎవరు వెయ్యాలి? దమాసో తనే వేస్తానన్నాడు. నీ చెయ్యి తగిలితే గరిక కూడా మాడిపోద్ది, తప్పుకోమని పూరింగ్ అంటే ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. సిల్వేరియా గుడిసె వెనక ఏ కర్ర పాతినా చిగురిస్తుందని పేరు. అలా ఆ పని ఆమె మీద పడింది.

నోట్లో నాలుక లేని మనిషి ఆమె. మేస్త్రీ కూలి తగ్గించి ఇచ్చినా సరిపోయిందనే అనేది. నలుగురిలో ముందుండే పని జన్మలో చేసి ఎరగదు. అయినా ఆ పొద్దున గుచ్చుకర్రతో మెత్తటి నేలలో గుంటలు పొడిచి, గుంటకి నాలుగైదు గింజలు వదులుతుంటే ఆమెకి కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఒళ్ళంతా తేలికైపోయింది. మట్టి కప్పి లేచి, ఇక రండి అని ఆమె పిలిచిన పిలుపు ఏటి అవతలికి వినబడిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

వరి మొలకెత్తి సాళ్ళు కనబడుతున్న రోజుల్లో దమాసోని పట్టుకుపోయారు. పట్టపగలే వచ్చారు. ఇల్లు వెతికితే బియ్యం కుండలో తుపాకీ దొరికిందన్నారు. బియ్యానికే గతిలేని కుండలో తుపాకీ ఎలా మొలిచిందో పోలీసులకే తెలియాలి. అప్పటినుంచి అతను టౌను స్టేషనులో ఉన్నాడు. అప్పటినుంచే మోటారు సైకిళ్ళ మీద కొత్త మొహాలు ఎస్టేటు దారుల్లో తిరుగుతున్నాయి. మొహాలని అనడమే గానీ, ఎవరూ చూడలేదు. ఇంత ఉక్కలోనూ వాళ్ళు హెల్మెట్లు తీయరు.

ట్రాక్టరు వెనక్కి వెళ్ళిపోయిన ఆ సాయంత్రమే ఎవారిస్తో సిల్వేరియా గుడిసెకి వచ్చాడు. చంకలో ఐదు కిలోల బియ్యం సంచి, చేతిలో ఎండుచేపల పొట్లం. ఆమె కూతురు నింఫాకి అతను జ్ఞానతండ్రి. చర్చిలో పసిగుడ్డుని ఎత్తుకుని నిలబడ్డవాడు. ఆ బంధుత్వం ఉంది కాబట్టే ఈ ఇంటికి వారంలో ఒక రోజు ఎక్కువ పని దొరుకుతుంది, ఆ బంధుత్వం ఉంది కాబట్టే ఈ ఇంట్లో అతనికి ఎదురు చెప్పరు. నింఫా బెంచీ తుడిచి వేసింది. నింఫా తర్వాత పుట్టిన పిల్లలిద్దరూ సంచి చుట్టూ చేరి దాన్ని వేళ్ళతో పొడిచి చూస్తున్నారు.

అతను చాలాసేపు వర్షాల గురించి మాట్లాడాడు. తర్వాత విషయానికి వచ్చాడు. మడి సిల్వేరియా తన చేత్తో తీసెయ్యాలి. ఎల్లుండి పొద్దున మేనేజరుగారు వస్తారు, ఆయన ఎదురుగా తీయాలి. తీస్తే దమాసో ఇంటికొస్తాడు. నింఫాకి మిల్లు క్యాంటీనులో పని. గుడిసె జోలికి ఎవరూ రారు.

"అంత చిన్న మడితో వాళ్ళకేం పనన్నా?" అంది సిల్వేరియా. "కావాలంటే బయట్నుంచి ఇంకో ట్రాక్టరు తెచ్చుకోలేరా?"

"తెస్తే దౌర్జన్యం చేశారంటారు, పేపర్లో వేస్తారు. మీ అంతట మీరే పీకేశారనుకో, ఇష్టపడి వదులుకున్నట్టు. ఇంక కోర్టులో చెప్పుకోడానికి మీకేం మిగల్దు."

అనేశాక గానీ తను ఎంత అన్నాడో అతనికి తెలిసిరాలేదు. మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కొండ మీద ఉన్న రోజుల్లో తన అమ్మమ్మ కూడా ఏటా తొలి మడి వేసేదని, ఆమె వేసిన ఏడు గింజ తాలు పోయేది కాదని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"నువ్వైతే పీకుతావా అన్నా?"

"నాకు పొలం ఉంటే గదా చెల్లెమ్మా," అని అతను లేచాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం వండారు. పిల్లలు గిన్నె అడుగు గీకి గీకి తిన్నారు. తిననని మొండికేద్దామని సిల్వేరియా అనుకుంది. ముద్ద నోటి దగ్గరికి వచ్చాక అనుకున్నదేదీ గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే టౌను నుంచి మూడు చక్రాల బండి ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. బండివాడు దిగి, తెల్లపూల దండ చుట్టిన పెద్ద చక్రం ఒకటి దించి గుమ్మానికి ఆనించాడు. శవం పక్కన పెట్టే రకం. ఎవరు పంపారంటే తెలీదన్నాడు, అంతా ముందే ఇచ్చేశారన్నాడు. మీ ఇంట్లో పోయినవాళ్ళెవరు, రిబ్బను మీద పేరు రాయించలేదేంటని పాపం అతనే అడిగాడు. ఎవరూ పోలేదని నింఫా చెప్పేసరికి అతని మొహం పాలిపోయింది. వెంటనే బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పూలు చూసి పిల్లలు సంబరపడ్డారు. నింఫా వాళ్ళని లోపలికి లాగి తలుపేసుకుని, గోడకి ఆనుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది. పూరింగ్ పరిగెత్తుకొచ్చి, చూసి, తన మేకని విప్పుకొచ్చి అక్కడ కట్టేసింది. మధ్యాహ్నానికల్లా మేక పూలన్నీ మేసేసి, వెదురు చట్రాన్ని మిగిల్చింది. దీని కడుపు చల్లగా ఉండ, చావుని కూడా నమిలి మింగిందని పూరింగ్ అంటే ఇద్దరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నమే ఆమె క్యారేజీ పట్టుకుని టౌనుకి వెళ్ళింది. స్టేషను వెనక కొట్లో, కటకటాల అవతల, ఒకరి మీద ఒకరు అన్నట్టు మనుషులున్నారు. దమాసో వాళ్ళలోంచి దారి చేసుకుని వచ్చేసరికి ఆమె గుర్తుపట్టలేకపోయింది. ఎడమ దవడ వాచి కన్ను సగం మూసుకుపోయింది. నలుగురిని నవ్వించే మనిషి, నడుస్తుంటే గోడ పట్టుకుంటున్నాడు. చిన్నప్పుడు తను చంకనేసుకుని మోసిన పిల్లాడు వాడు.

క్యారేజీ మూత తీసి అన్నం చూశాడు. చచ్చినకాలంలో అన్నం ఎక్కడిదని అడిగాడు. ఎవారిస్తో ఇచ్చాడని ఆమె దాచకుండా చెప్పింది. అతని చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. తర్వాత తినడం మొదలెట్టాడు. ఒక పక్క దవడతోనే నములుతూ మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

వరి ఎంత ఎత్తు వచ్చిందని అడిగితే ఆమె మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. కలుపు తీశారా అంటే, ఈ గొడవల్లో ఎవరూ పొలంలో అడుగు పెట్టడం లేదని చెప్పింది. అప్పుడు ట్రాక్టరు సంగతి, ఎవారిస్తో మాట, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. పూల చక్రం సంగతి ఒక్కటి మింగేసింది. ఏం చెయ్యమంటావురా అని అడిగింది. ఛీ అంటాడని, వద్దక్కా అంటాడని, వాకిట్లో అందరి ముందూ మాట్లాడినట్టు మాట్లాడతాడని ఆమె ఎదురుచూసింది.

"పీకెయ్యక్కా," అన్నాడు దమాసో. కటకటాల మీద నుదురు ఆనించాడు. "నా వల్ల కావట్లేదు. మళ్ళీ రేపు పిలుస్తారు. నన్నింటికి తీసుకుపో."

తల్లి చచ్చిపోయినప్పుడు ఏడ్చాడు, మళ్ళీ ఇప్పుడు ఏడ్చాడు. సిల్వేరియా కటకటాల్లోంచి చెయ్యి పెట్టి అతని తల నిమిరింది. పీకేస్తానని మాటిచ్చింది. తిరిగొచ్చే జీపులో కూర్చున్నాక ఆమెకి బాధ కన్నా ముందు హాయి తెలిసింది. ఆలోచించాల్సిన పని అయిపోయింది. తమ్ముడు ఇంటికొస్తాడు. వరి ఏముంది, దేవుడు చల్లగా చూస్తే వచ్చే ఏడు ఇంకోచోట వేసుకోవచ్చు. ఇంకోచోటు అనేది ఎక్కడుందో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

ఎస్టేటు చేరగానే నేరుగా మేస్త్రీ ఇంటికి వెళ్ళి ఒప్పుకున్నానని చెప్పింది. వార్త ఆమె కన్నా ముందే గుడిసెల్లోకి చేరింది. ఎవరైనా తిడతారేమోనని కాచుకుని కూర్చుంది. ఎవరూ తిట్టలేదు. చీకటి పడుతుండగా పూరింగ్ ఉడికించిన చిలగడదుంపలు తెచ్చి, గుమ్మంలో పక్కన కూర్చుంది.

"నీ తమ్ముడు, నీ ఇష్టం," అంది పూరింగ్. "మేమెవరం కాదనడానికి. మా ఆయనే లోపలుంటే నేను నిన్ననే పీకేసేదాన్ని."

ఆ మాట తనకి ఊరట కలిగించాలి. ఎందుకో కలిగించలేదు. పూరింగ్ లేచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

తెల్లారి అందరూ ఏటి పక్క పొలం దగ్గరికి వచ్చారు. రమ్మని ఎవరూ చాటింపు వెయ్యలేదు, అయినా చంటిపిల్లల్ని చంకనేసుకుని మరీ వచ్చారు. బెర్తింగ్ ట్రాక్టరు మీద కూర్చుని ఉన్నాడు. మోటారు సైకిళ్ళవాళ్ళు ఇద్దరు దారి మలుపులో ఇంజను ఆపుకుని నిలబడ్డారు. హెల్మెట్ల అద్దాలు జనం వైపే తిరిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఊళ్ళో కుక్కలు వాళ్ళని చూసి మొరిగేవి, ఇప్పుడవి కూడా మానేశాయి.

కొంచెం పొద్దెక్కాక మేనేజరు కారు వచ్చింది. బకోలోద్ నగరంలో పెద్ద చదువులు చదివిన మనిషి, చెప్పులకి మట్టి అంటుతుందని గట్టు మీదే ఆగాడు. చేతిలో ఫోను ఉంది. దాన్ని అడ్డంగా తిప్పి పట్టుకుని, ఆమె మొహం కనబడేలా ఇటు నిలబడమని చెప్పాడు. ఎండ కళ్ళలో పడకుండా చూసుకోమన్నాడు. పెళ్ళి ఫోటో తీసేవాడు కూడా అంత శ్రద్ధ పెట్టడు.

"ఎవరూ బలవంతం చెయ్యలేదని ముందు చెప్పమ్మా. ఆ తర్వాత పీకెయ్. మొత్తం అక్కర్లేదు, ఆ మూల ఒక్కటి చాలు."

సిల్వేరియా మడి దగ్గర నిలబడింది. పక్క పొలం కన్నా ఇక్కడి మొక్క ఒక పిసరు ఎక్కువే ఎదిగింది. కలుపు కూడా అంతే ఎదిగింది. ఎర్రటి మట్టిలో తుంగ, గరిక వరి దుబ్బుల మధ్య జొరబడి, గట్టిగా పాతుకుపోతున్నాయి. ఆమె నోరు తెరిచింది. చెప్పాల్సిన మాటలు దారంతా మననం చేసుకుంటూనే వచ్చింది. అవి రాలేదు. వేరే మాట వచ్చింది.

"నేనిది పీకేస్తే సాయంత్రానికి మా తమ్ముడు ఇంటికొస్తాడా బాబుగారూ?"

మేనేజరు ఫోను మీంచి తలెత్తాడు. ఏ తమ్ముడు అన్నట్టు ఎవారిస్తో వైపు చూశాడు. ఎవారిస్తో గొడుగు కొనతో మట్టిలో గీతలు గీస్తున్నాడు.

"అది పోలీసుల పనమ్మా. కోర్టు ఉంది, చట్టం ఉంది. నాకేం సంబంధం? నీ పని నువ్వు చూసుకో."

ఆయన అబద్ధం ఆడలేదు. నిజమే చెప్పాడు, అంత తేలిగ్గా. ఆ తేలికలోనే సిల్వేరియాకి అంతా తెలిసిపోయింది. పీకినా తమ్ముడు రాడు. పీకకపోయినా రాడు. రేపు మళ్ళీ వాడిని పిలుస్తారు, ఎల్లుండి మళ్ళీ పిలుస్తారు, మధ్యలో ఈ మడి ఒక్కటి పోతుంది. దాంతోపాటు ఈ పొలం పోతుంది. పూరింగ్ పొలం, బెర్తింగ్ పిల్లల పొలం. దవడ వాచిన వాడు కటకటాలకి నుదురు ఆనించుకుని ఆమె మాట మీద ఆశ పెట్టుకుని ఉంటాడు. ఆమెకి పెద్దగా ఏడవాలనిపించింది. తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. నిన్న ఎందుకు అడగలేదు ఈ మాట? మొన్న ఎందుకు అడగలేదు? పుట్టిన దగ్గర్నుంచి ఎందుకు అడగలేదు?

ఎవారిస్తోని చూసింది. అతను తలెత్తలేదు.

ఆమె గొంతుక్కూర్చుంది. మేనేజరు ఫోను మళ్ళీ పైకెత్తాడు. గట్టు మీద ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదుకున్నారు. సిల్వేరియా చెయ్యి వరి దుబ్బు మొదట్లోకి వెళ్ళింది, పట్టుకుంది, లాగింది. వేళ్ళతో సహా వచ్చింది. మట్టి దులిపి పక్కన పడేసింది. మళ్ళీ చెయ్యి పెట్టింది, మళ్ళీ లాగింది. జనంలోంచి ఒక నిట్టూర్పు వినబడింది. బెర్తింగ్ మొహం తిప్పుకున్నాడు.

ముందు గమనించింది పూరింగ్. గట్టు మీంచి ముందుకి వంగి, కళ్ళు చిట్లించి చూసింది. పక్కన పడుతున్నది వరి కాదు, తుంగ. దుబ్బు దుబ్బుకీ మధ్య ఎడమచేత్తో ఆకు పక్కకి నెట్టి పట్టుకుని, కుడిచేత్తో గడ్డి వేరు తెగకుండా లాగి, లేచిన మట్టిని మొక్క మొదట్లోకి మళ్ళీ అదుముతోంది సిల్వేరియా. మూడు దుబ్బులు శుభ్రంగా తేలాయి. నాలుగో దానికి జరిగింది.

మేనేజరుకి అర్థం కావడానికి ఇంకాసేపు పట్టింది. ఆయనకి గడ్డికీ వరికీ తేడా తెలిస్తే కదా. ఎవారిస్తో చెవిలో చెప్పాకగానీ ఫోను దించలేదు. ఏం చేస్తోందని అరిచాడు. పిచ్చి పట్టిందా అని అడిగాడు.

"కలుపు తీస్తన్నానండి," అంది సిల్వేరియా తలెత్తకుండానే. "ఆలస్యమైపోయింది. ఇంక ఆగితే వరిని మింగేస్తది."

దున్నెయ్యమని ఆయన బెర్తింగ్‌ని అరిచాడు. బెర్తింగ్ తాళం తీసి సీటు మీద పెట్టి, కిందికి దిగి, గట్టు మీద కూర్చున్నాడు. మేనేజరు ఎవారిస్తోని ఎక్కమన్నాడు. తనకి నడపడం రాదని ఎవారిస్తో మెల్లిగా చెప్పాడు. ఇరవై ఏళ్ళు ఆ ఎస్టేటు ట్రాక్టరు నడిపి మేస్త్రీ అయినవాడు అతను. అది అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

చివరికి మేనేజరు తన కారు డ్రైవరుని పిలిచాడు. నగరం నుంచి వచ్చిన కుర్రాడు, తొలి మడి అంటే ఏంటో ఎన్నడూ విననివాడు. తెల్ల చొక్కా చేతులు మడుచుకుని ట్రాక్టరెక్కి, తాళం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటున్నాడు. దారి మలుపులో మోటారు సైకిళ్ళు కూడా ఒకదాని వెనక ఒకటి స్టార్టయ్యాయి.

పూరింగ్ చంకలో మనవణ్ణి పక్కామెకి అందించి గట్టు దిగింది. తొలి మడిలోకి వెళ్ళలేదు, అది ఆమెది కాదు. దాని పక్క సాలులో కూర్చుని గడ్డి పట్టుకుంది. నింఫా దిగింది. ఆమె వెనక ఇంకొకామె దిగింది. మిగతావాళ్ళు గట్టు మీదే ఉన్నారు. దిగాలో, ఇళ్ళకి పోవాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

ట్రాక్టరు ఒక్కసారి దగ్గి, అంటుకుంది. నల్లటి పొగ గాలికి మడి మీదుగా వచ్చింది. సిల్వేరియా ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, నాలుగో దుబ్బు దగ్గర మట్టి అదిమి, ఐదో దానికి జరిగింది. మోత దగ్గరవుతోంది. మడిలో సగానికి పైగా కలుపు ఇంకా అలాగే ఉంది.